బుల్ షార్క్‌లతో స్కూబా డైవ్: మనవాళ్ళెవరైనా వెళ్ళారా?

మియాపూర్ మునక:

అందరికీ నమస్కారం. ఉండేది మియాపూర్, ఉద్యోగం హైటెక్ సిటీలో. పోయినేడు అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబాలో మొదటి మెట్టు, పూర్తి చేశాను. పూల్ క్లాసులు మాత్రం ఇక్కడే గచ్చిబౌలి వైపు చేశాను. ఇప్పటికి మొత్తం 9 డైవ్‌లు.

వచ్చే జనవరిలో ఆఫీసు పని మీద మూడు వారాలు డాలస్‌లో ఉంటాను. అక్కడి నుంచి మెక్సికోలోని కాన్‌కూన్‌కి విమానం మూడు గంటల లోపే. ఆ పక్కనే ప్లాయా దెల్ కార్మెన్ అనే ఊరుంది. నవంబరు నుంచి మార్చి దాకా బుల్ షార్క్‌లు ఒడ్డుకి బాగా దగ్గరగా వస్తాయట, అందులోనూ ఎక్కువ కడుపుతో ఉన్న ఆడవేనట. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. ఇంకేం, అప్పుడే మనసులో టికెట్ బుక్ చేసేసుకున్నాను.

కానీ రెండు మూడు అనుమానాలు పీకుతున్నాయి. ఆ డైవ్ కాస్త లోతులోనట, 9 డైవ్‌ల వాడు అక్కడికి పోవచ్చా? కొన్ని చోట్ల చేప ముక్కలు ఆశ చూపించి షార్క్‌లని పిలుస్తారట, అది తప్పా కాదా? ఇంకోటి, ప్రతి డైవ్ షాపు వాడూ 'మీ డైవ్‌తో షార్క్‌లని కాపాడండి' అని రాస్తాడు. నేను డబ్బులు కట్టి చూసి వస్తే షార్క్ ఎట్లా బతుకుతుంది? నాకు అర్థం కాలేదు.

మా అమ్మకి ఇంకా చెప్పలేదు. 'మెక్సికోలో చేపలు చూడటానికి పోతున్నా' అని మాత్రం అన్నాను. ఏం చేపలు అనలేదు.

ట్యాంక్‌బండ్ రాజు:

అన్నా, ప్రాణాల మీదికి తెచ్చుకోవాలంటే మెక్సికో దాకా ఎందుకు, సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర నడిచి రోడ్డు దాటు, ఖర్చు కూడా ఉండదు.

సరదాకి అన్నాలే. నాకూ ఒక డౌటుంది. ఈ బుల్ షార్క్ నదుల్లోకి కూడా వస్తుందట కదా? మన మూసీలోకి రాదుగా?

జగన్నాథపురం అమ్మాయి:

రాజు గారూ, మీరు నవ్వులాటకి అడిగారు గానీ అడగాల్సిందే అడిగారు. ముందు దానికే జవాబు.

మామూలు సొర, అదే షార్క్, మంచినీళ్ళలోకి వస్తే ఒంట్లోని ఉప్పు నిలబెట్టుకోలేక చచ్చిపోతుంది. బుల్ షార్క్ అలా కాదు. దాని కిడ్నీలు అదనపు నీళ్ళని పలచటి మూత్రంగా బయటికి పంపేసి ఉప్పుని అట్టేపెట్టుకుంటాయి. అందుకే అమెజాన్‌లో సముద్రానికి 3,000 కిలోమీటర్లకు పైగా ఎగువన, పెరూలోని ఇక్విటోస్ దగ్గర కూడా కనబడింది. 1937లో ఒకటి మిసిసిపీ నదికి ఎదురీది ఇల్లినాయ్‌లోని ఆల్టన్ దాకా పోయి జాలర్లకి చిక్కింది. మూసీకి రావాలంటే ప్రకాశం బ్యారేజీ దాటాలి, పులిచింతల దాటాలి, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర మలుపు తిరగాలి. ఇన్ని దాటొచ్చినా ఆ వాసనకి అదే వెనక్కి పోతుంది, మీరేం భయపడకండి.

ఇక మియాపూర్ బాబు సంగతి. నాకు 57. బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, ఇల్లు సైనిక్‌పురిలో. పుట్టి పెరిగింది కాకినాడ జగన్నాథపురం. 49వ ఏట రుషికొండలో మొదటిసారి నీళ్ళ కింద ఊపిరి పీల్చాను. 2019 ఏప్రిల్‌లో ఆక్లండ్‌లో ఉన్న మా అమ్మాయిని చూడటానికి వెళ్ళి, అక్కడి నుంచి ఫిజీ వెళ్ళాం. మనవాళ్ళకి ఫిజీకి ముందే వీసా తీసుకునే పని లేదు. విమానాశ్రయం నుంచి బుల్ షార్క్ డైవ్ జరిగే పసిఫిక్ హార్బర్ దాకా మమ్మల్ని తీసుకెళ్ళిన డ్రైవర్ మా మాటలు విని వెనక్కి తిరిగి, 'మీది తెలుగా?' అన్నాడు. వాళ్ళ తాతగారి నాన్న విశాఖ వైపు నుంచి గిర్మిట్ కూలీగా చెరుకు తోటలకి వచ్చాడట. అతనికి తెలుగులో ఆ ఒక్క ముక్కే వచ్చు. మిగతా దారంతా హిందీ.

పొద్దున్నే పడవ. ఎక్కగానే నగలు తీసెయ్యమన్నారు. మెరిసే లోహం నీళ్ళలో చేప పొలుసులా కనబడుతుంది. చేతులకి నల్ల గ్లవ్స్ కూడా ఇచ్చారు, తెల్లటి అరచేతులు కదిలితే సొర వాటిని చేపలే అనుకుంటుందని. గాజులు, దుద్దులు తీశాను. పుస్తెలతాడు దగ్గర చెయ్యి ఆగింది. పెళ్ళైన దగ్గర్నుంచి తియ్యలేదు. చివరికి తీసి టిఫిన్ డబ్బాలో పెట్టి మా ఆయన చేతికిచ్చాను. ఆయనకి ఈత రాదు. నేను నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నారట.

కింద దాదాపు 30 మీటర్ల లోతున విరిగిన పగడపు రాళ్ళతో కట్టిన పిట్టగోడ లాంటిది ఉంటుంది. దాని వెనక మోకాళ్ళ మీద కూర్చోవాలి. మన వెనకాల గైడ్‌లు కర్రలు పట్టుకుని ఉంటారు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లలాగా. ఎదురుగా ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో ట్యూనా చేపల తలకాయలు. ముందు వచ్చింది సొర కాదు, మామూలు చేపల గుంపు. ఒక్కసారిగా మబ్బు పట్టినట్టు వెలుతురు పడిపోయింది. తర్వాత ఆ గుంపు నిలువునా రెండుగా చీలింది, మధ్యలోంచి అది వచ్చింది.

ఫొటోల్లో దాని లావు తెలియదు. మూతి మొండిగా ఉంటుంది, మెడ లేని పహిల్వాన్‌లాంటి ఒళ్ళు, ఆ ఒంటికి సరిపడని చిన్న చిన్న కళ్ళు. తొందరేం లేదు దానికి. పెళ్ళి పందిట్లో పెద్దావిడ అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంటూ తిరిగినట్టు తిరిగింది. నా ముందు నుంచి ఒక బారెడు దూరంలో పోయినప్పుడు దాని నోటి మూల చూశాను. తుప్పు పట్టిన గాలం. దానికి జానెడు నైలాన్ తాడు, తాడుకి పచ్చటి నాచు. ఆ గాలం సైజు నాకు తెలుసు. జగన్నాథపురంలో మా పెదనాన్న గోడౌన్‌లో అలాంటివి డబ్బాల నిండా ఉండేవి, చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టి పేర్చడం మా పిల్లల పని.

అప్పుడు ట్యాంకులో గాలి ఎంతుందో చెప్పే గేజ్ చూసుకున్నాను. 200 బార్‌తో దిగినదాన్ని, పన్నెండు నిమిషాలకి 110కి వచ్చేశాను. ముఖం ప్రశాంతంగానే పెట్టాను గానీ ఊపిరితిత్తులు అబద్ధం చెప్పవు కదా. అంత లోతులో ఒక్కో ఊపిరికి పైన ఖర్చయ్యేదానికి నాలుగు రెట్లు గాలి పోతుంది, దానికి తోడు టెన్షన్. గైడ్‌కి చూపిస్తే, ఏమీ అనకుండా నన్ను అందరికంటే ముందు 5 మీటర్లకి తీసుకెళ్ళి సేఫ్టీ స్టాప్ చేయించాడు, అంటే పైకి వచ్చేముందు అక్కడ కాసేపు ఆపాడు.

అందుకే బాబూ, 9 డైవ్‌లతో వెళ్ళకండి. మీ ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల వరకే. ప్లాయాలో ఆ డైవ్ 20 మీటర్లు దాటిన ఇసుక నేల మీద. ముందు అడ్వాన్స్‌డ్ కోర్సు చెయ్యండి, ఐదు డైవ్‌లు, రెండు మూడు రోజుల పని. అండమాన్‌లోనో కర్ణాటకలోని నేత్రాణి దీవిలోనో ఇంకో పదిహేను డైవ్‌లు వేసుకోండి. సొర ముందు కూర్చున్నప్పుడు మీ చేతులు వాటంతట అవి కొట్టుకోకుండా, నడుముకున్న బరువు గురించి ఆలోచించాల్సిన అవసరం లేకుండా ఉండాలి. అక్కడ ప్రమాదమంటూ జరిగితే గాలి దగ్గరో, బాయన్సీ (మునగకుండా తేలకుండా నిలవడం) దగ్గరో జరుగుతుంది. సొర దగ్గర జరిగేది తక్కువ. ఇంకో మాట, వరసగా డైవ్‌లు వేశాక 18 గంటలు విమానం ఎక్కకూడదు. డాలస్ తిరుగు టికెట్ దానికి తగ్గట్టు చూసుకోండి.

మీ డబ్బులతో షార్క్ ఎట్లా బతుకుతుందన్నారు. ఫిజీలో నేను చూసింది చెప్తాను. మేం దిగిన ఆ పగడపు దిబ్బ మీద చేపలు పట్టే హక్కు తరతరాలుగా ఒడ్డున ఉన్న ఊళ్ళది. 2004లో వాళ్ళు అక్కడ పట్టడం మానేసి రిజర్వు చేశారు, 2014లో అది నేషనల్ మెరైన్ పార్క్ అయింది. ప్రతి డైవర్ దగ్గరా ఊరి పన్ను అని విడిగా వసూలు చేస్తారు, అది నేరుగా ఊరికి పోతుంది. చంపి అమ్మితే సొరకి ఒక్కసారే డబ్బు. బతికుంటే రోజూ పొద్దున పడవకి ఇంత అని వస్తూనే ఉంటుంది. డైవ్ నడిపేవాళ్ళలో కూడా ఆ ఊళ్ళ కుర్రాళ్ళు ఉన్నారు. మెక్సికోలో మీరు వెళ్ళే షాపుని ఇదే అడగండి: నేను కట్టేదాంట్లో ఎంత, ఎవరికి పోతుంది? రసీదు ఉందా? చెప్పలేకపోతే వాడు కాపాడేది వాడి షాపునే.

రుషికొండ రెగ్యులేటర్:

ఎల్‌బీ నగర్ వాడిని, పదేళ్ళుగా వైజాగ్‌లో డైవింగ్ నేర్పిస్తున్నాను. మేడమ్ రాసింది చదివి చప్పట్లు కొట్టాను, కానీ ఎర వేసే డైవ్‌ల విషయంలో నేను అంత సుముఖంగా లేను. ఫ్లోరిడా రాష్ట్రం తన జలాల్లో డైవర్ల కోసం షార్క్‌లకి తిండి వెయ్యడాన్ని ఎప్పుడో నిషేధించింది. ఊరికే చెయ్యలేదు కదా. గుడి దగ్గర కోతులకి అరటిపళ్ళు అలవాటు చేసి తర్వాత కోతులు మీద పడుతున్నాయని ఏడ్చినట్టుంటుంది.

అయితే న్యాయంగా చెప్పాలి. ఫిజీలో ఏళ్ళ తరబడి ఒక్కో బుల్ షార్క్‌నీ గుర్తుపట్టి లెక్క రాశారు. అవి ఆ ట్యూనా తలకాయల మీదే ఆధారపడి బతకడం లేదనీ, ఏడాది చివరికి వచ్చేసరికి జత కట్టడానికీ పిల్లల్ని కనడానికీ వాటి దారిన అవి వెళ్ళిపోతాయనీ తేలింది. కాబట్టి ఎవరు నడుపుతున్నారు, ఎట్లా నడుపుతున్నారు అన్నదాని మీదే ఉంటుంది. పది షాపులు పోటీలు పడి ఒకే చోట ఎర పారబోసే దగ్గరికి మాత్రం పోవద్దు.

నీళ్ళలో రూల్స్ సింపుల్. నిలువుగా ఉండు. దాని కళ్ళలోకి చూడు, వీపు చూపించకు. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకో. ఫొటో కోసం చెయ్యి చాపకు. పైకొచ్చాక నీళ్ళ మీద తేలుతూ కబుర్లు పెట్టకు, వెంటనే పడవెక్కు.

అమ్మగారికి చెప్పడానికి ఒక లెక్క. 2024లో ప్రపంచం మొత్తం మీద మనిషి రెచ్చగొట్టకుండా షార్క్ కరిచిన కేసులు 47. ఇటువైపు లెక్క చూస్తే, చేపల వేటలో చచ్చిన షార్క్‌లు 2012లో 7.6 కోట్లు, 2017లో 8 కోట్లు, అదీ తక్కువలో తక్కువ అంచనా. తెల్ల షార్క్, టైగర్ షార్క్ తర్వాత మనుషుల్ని ఎక్కువగా కరిచింది బుల్ షార్కే, అది దాచను. బురద నీళ్ళలో, నది మొగల్లో మనుషులకి దగ్గరగా తిరిగేది అదే కాబట్టి.

మియాపూర్ మునక:

ఇద్దరికీ థాంక్స్. అక్కా అనాలో మేడమ్ అనాలో తెలియడం లేదు. ఆ గాలం దగ్గర కాసేపు ఆగిపోయాను.

నిన్న రాత్రి అమ్మకి చెప్పేశాను. 47 లెక్క చెప్తే, 'నువ్వు నలభై ఎనిమిదో వాడివి కావాలా?' అంది. ఇక మాట్లాడలేదు. పొద్దున చట్నీ కూడా వెయ్యలేదు.

సరే, జనవరి ప్లాన్ మానుకున్నా. డిసెంబరులో అండమాన్‌లో అడ్వాన్స్‌డ్ చేసి, మెక్సికో సంగతి ఆ పై ఏడాది చూస్తాను. కానీ అప్పటిదాకా ఇక్కడ ఊరికే వీడియోలు చూస్తూ కూర్చోవాలా? సముద్రానికి ఇంత దూరంలో హైదరాబాద్‌లో ఉండి ఏమైనా చెయ్యొచ్చా? మన దగ్గర బుల్ షార్క్‌ని పట్టకూడదని చట్టం ఉందా?

రుషికొండ రెగ్యులేటర్:

చట్టం సంగతి క్లుప్తంగా. వేల్ షార్క్ 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉంది, ముట్టుకుంటే జైలు. బుల్ షార్క్ ఆ జాబితాలో లేదు, పట్టడం అమ్మడం నేరం కాదు. అయితే 2013 నుంచి రెక్కలు కోసి ఒళ్ళు సముద్రంలో పారేయకూడదు, మొత్తం చేపనే ఒడ్డుకి తేవాలి. 2015లో షార్క్ రెక్కల ఎగుమతి ఆపేశారు. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై దేశాల ఒప్పందం) సమావేశంలో బుల్ షార్క్ ఉన్న కుటుంబం మొత్తాన్నీ రెండో అనుబంధంలో చేర్చారు, అంటే దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. లోకల్ మార్కెట్‌కి ఇవేవీ అడ్డు కావు.

జగన్నాథపురం అమ్మాయి:

అక్కా అనండి బాబూ, ఆంటీ అన్నా ఏమనుకోను. అమ్మగారు చట్నీ వెయ్యకపోవడం న్యాయమే.

హైదరాబాద్‌లో ఏం చెయ్యాలన్నారు. నేనేం చేశానో చెప్తాను, అది మా వంటింట్లో జరిగిన గొడవ.

మా వైపు బాలింతకి సొర పుట్టు పెట్టకపోతే పురుడు పోసినట్టే కాదు. సొరని పసుపేసి ఉడకబెట్టి, గరుకు కాయితంలాంటి ఆ తోలు ఒలిచి, కండని పొడిపొడిగా నలిపి, గుడ్డలో పెట్టి నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, గుప్పెడు వెల్లుల్లి వేసి వేయించాలి. పాలు బాగా పడతాయని నమ్మకం. అందులోనూ పాల సొర అయితే ఇంకా మంచిదంటారు, పేరులోనే పాలున్నాయిగా. నా పురిటికి మా అమ్మ పదకొండు రోజులు పెట్టింది. నేను లొట్టలేసుకుంటూ తిన్నాను. అబద్ధమెందుకు, ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఫిజీ నుంచి వచ్చిన రెండేళ్ళకి మా అమ్మాయి కాన్పుకి వచ్చింది. మా అమ్మకి అప్పటికి 81, కర్ర ఊపుతూ 'సొర తెప్పించు' అని కూర్చుంది. నేను ఒద్దన్నాను. సొర పెద్ద చేపల్ని తినే చేప, అవి తిన్న పాదరసం అంతా దాని ఒంట్లో చేరుతుంది. అమెరికాలో ఆహారం, మందుల సంగతి చూసే ఎఫ్‌డీఏ గర్భిణులూ పాలిచ్చే తల్లులూ తినకూడని చేపల్లో దాన్ని పెట్టింది. ఇదంతా చెప్తే మా అమ్మ, 'నీకు పాదరసం ఎక్కిందా? ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు చూశావుగా!' అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నెత్తళ్ళు తెప్పించి అదే వెల్లుల్లి, అదే అల్లంతో పొడిగా వేయించి పెట్టాను. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, 'ముల్లు గుచ్చుకుంటోంది' అంది. కానీ తింది.

అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరింట్లో పురుడు వచ్చినా ఫోన్ చేసి పాదరసం సంగతి చెప్తున్నాను. సొరల్ని కాపాడండంటే ఎవరూ వినరు. పసిపిల్లకి మంచిది కాదంటే వింటారు. ఇప్పటికి ఏడిళ్ళు మానేశాయి. పెద్ద లెక్కేం కాదని నాకూ తెలుసు.

రెండోది రాంనగర్ మార్కెట్. నెలకోసారి ఆదివారం వెళ్తాను. అక్కడ మన చెరువు చేపలే ఎక్కువ, కానీ కాకినాడ, వైజాగ్ నుంచి ఐసు పెట్టెల్లో సముద్రం సరుకు కూడా వస్తుంది. ఒకసారి ఒక పెట్టెలో మూరన్నర పొడవు సొరలు పదమూడో పద్నాలుగో ఉన్నాయి. అన్నీ పాల సొరలే అన్నాడు. పాల సొర పెద్దదైనా చిన్న జాతే, దాని మూతి పొడుగ్గా సూదిగా ఉంటుంది. ఆ పెట్టెలో రెండింటి మూతి మాత్రం మొండిగా, వెడల్పుగా ఉంది. బుల్ షార్క్ పిల్ల పుట్టేటప్పుడే మూరన్నర ఉంటుంది. తల్లి నది మొగల్లో, ఉప్పుటేరుల్లో కంటుంది, పిల్లలు కొన్నేళ్ళు అక్కడే పెరుగుతాయి. ఫిజీలో నేను చూసినవాటి పిల్లలు నవువా, రేవా నదుల్లో ఉంటాయి. తల్లి పది పదకొండు నెలలు మోసి మహా అయితే పదమూడు పిల్లల్ని కంటుంది, ఆ పిల్ల మళ్ళీ తల్లి కావాలంటే పదేళ్ళు పైనే పడుతుంది. ఆ రెండూ బుల్ షార్క్ పిల్లలేనని నేను ప్రమాణం చెయ్యలేను. తల, ముందు రెక్క, తోక ఫొటోలు తీసి, ఏ ఊరి సరుకో అడిగి, తేదీతో ఐనాచురలిస్ట్‌లో, అంటే జంతువుల, మొక్కల ఫొటోలు పెట్టి పేరు తేల్చుకునే వెబ్‌సైట్‌లో, పెట్టాను. తెలిసినవాళ్ళు చూసి పేరు తేలుస్తారు. ఏ రేవులో ఏ పిల్లలు ఏ నెలలో పడుతున్నాయో తెలిస్తేనే కదా, ఆ నెలలో ఆ మొగ దగ్గర వల వెయ్యొద్దని ఎవరైనా అడగగలిగేది.

అమ్మేవాళ్ళని తిట్టకండి, వీడియోలు తియ్యకండి. నేను మొదటిసారి ఫోన్ తియ్యగానే ఒకతను పెట్టె మీద గోనె కప్పేశాడు. ఇప్పుడు ముందు అరకిలో రొయ్యలు కొని, తర్వాత అడుగుతాను.

ఈ ఆదివారం వెళ్తున్నాను. మీకు వీలైతే ఆరింటికల్లా రండి, ఏడు దాటితే పెట్టెలు ఖాళీ అయిపోతాయి. చెప్పులు పాతవి వేసుకోండి. అమ్మగారిని కూడా తీసుకురండి, సొర అంటే ఏమిటో ముందు ఐసులో చూస్తారు.

మియాపూర్ మునక:

అమ్మని అడిగాను. సొర సంగతి తర్వాత, అక్కడ కొర్రమీను కిలో ఎంతో కనుక్కోమంది. వస్తున్నాం.

ట్యాంక్‌బండ్ రాజు:

నేనూ వస్తున్నా. చాయ్ నాది. గోనె కప్పకుండా చూసే బాధ్యత కూడా నాదే, రాంనగర్ మా మామ వాళ్ళ గల్లీ.